ఆరు ఆడపాములు, ఒక మగపాము: మిర్యాలగూడ బాల్ పైథాన్ల కేసు

ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదు చిన్నది. “మగపాము తోక దగ్గర ఎర్రగా ఏదో బయటికి వచ్చింది, లోపలికి పోవడం లేదు. తిండి మానేసి రెండు నెలలు దాటింది.” మాట్లాడినవారు మిర్యాలగూడ దగ్గర బియ్యం మిల్లు నడిపే కుటుంబంలోని వ్యక్తి. ఇంట్లో బాల్ పైథాన్లనే ఆఫ్రికా కొండచిలువలు ఏడు ఉన్నాయి, ఒకటి మగ, ఆరు ఆడ. దీపావళి దాటిన వారం నుంచి ఆ ఒక్క మగపామునే వంతులవారీగా ఆరింటి దగ్గరా వదులుతున్నారు. ఫోన్ వచ్చింది సంక్రాంతి ముందు.

పశువుల డాక్టరుగా నేను చూసేది ఎక్కువగా గొర్రెలు, మేకలు, పాడి గేదెలు. విదేశీ పెంపుడు జంతువులు అప్పుడప్పుడు వస్తాయి. బయటికి వచ్చిన ఆ మగ అవయవాన్ని సర్దడం పెద్ద పని కాదు, ఈ కేసు రాయడం దాని కోసం కాదు. ఒక మగపాముకు ఎన్ని ఆడపాములన్న ప్రశ్నను ఆ యజమాని తలలు లెక్కపెట్టి తేల్చుకున్నారు. చూడాల్సిన లెక్కలు మగదాని బరువు, ఆడవాటి కడుపులోని అండాల సైజు. ఆ రెండూ చూశాక ఆరు కాస్తా మూడయ్యాయి.

వైద్యానికి ముందు చట్టం సంగతి. మన కొండచిలువ, నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. వాటిని ఇంట్లో పెట్టుకోవడమే నేరం, ఇక జత కట్టించడం మాటెందుకు. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల నుంచి ప్రపంచమంతా పాకింది. దాని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. 2022 సవరణతో సైటిస్ జాబితాలోని జీవులు మన చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024 నిబంధనల ప్రకారం వాటిని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పుట్టుకలూ చావులూ చేతులు మారడాలూ తెలియజేయాలి. ఈ ఇంట్లో ఏడింటికీ కాగితాలున్నాయి. కాగితం చూడకుండా నేను టబ్బు మూత తీయను.

గది, రిజిస్టరు

పాములు మేడ మీది రేకుల గదిలో ఉన్నాయి. ఇనుప అరల్లో ప్లాస్టిక్ టబ్బులు, వాటి కింద వేడి పట్టీలు, ఒక థర్మోస్టాట్. ఆడపాములకు పేర్లు లేవు, టబ్బు మీద నంబర్లే. చలి తగిలితేనే జత కడతాయని ఎక్కడో విని డిసెంబరు రాత్రులంతా కిటికీ తెరిచి ఉంచారు. తెల్లవారుజామున గది 17 డిగ్రీలకు దిగినట్లు గోడమీది థర్మామీటరు చూపించిందట. రాత్రిపూట కాస్త చల్లబడితే బాల్ పైథాన్లు జత కట్టడానికి సిద్ధపడతాయన్న మాట నిజమే. అందుకు 23, 24 డిగ్రీలు చాలు. అదీ, పగలు టబ్బులో ఒక మూల 31, 32 డిగ్రీల వెచ్చదనం అందుతున్నప్పుడే. 17 డిగ్రీలు పాముకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిపెట్టే చలి.

ఆయన పద్ధతి ఇది. మగపామును ఒక టబ్బులో మూడు రోజులు ఉంచడం, నాలుగో రోజు పక్క టబ్బుకు మార్చడం. ఆరు టబ్బులూ అయ్యాక మళ్లీ ఒకటో నంబరు. మధ్యలో విశ్రాంతి లేదు. ఎందుకిలా అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంది.

“ముప్పై గొర్రెలకు ఒక్క పొట్టేలు చాలుతుంది కదా డాక్టర్ గారూ. ఇవి ఆరే.”

నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగినవారికి ఆ పోలిక రావడం సహజం. అది సరిపోకపోవడానికి కారణాలున్నాయి. గొర్రె ఒక ఎదలో చూలు కట్టకపోతే మరో 17 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది, వచ్చిన సంగతి పొట్టేలుకు వాసనతో తెలుస్తుంది, తెలిసినప్పుడే దాటుతుంది. పని మధ్యలో మేస్తూనే ఉంటుంది. బాల్ పైథాన్ ఆడది ఏడాదికి ఒక్కసారే అండాలు విడుదల చేస్తుంది, అదీ ప్రతి ఏడూ చేస్తుందన్న హామీ లేదు. ఆ అండాలు పెరగడానికి నెలలు పడుతుంది. మగది జతకాలంలో ఆడదాని వాసన తగిలిన దగ్గర్నుంచి తిండి మీద ధ్యాస వదిలేస్తుంది, కలిసినప్పుడల్లా గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా అతుక్కుని ఉంటుంది. పొట్టేలును మందలో వదిలేస్తే ఎంపిక అదే చేసుకుంటుంది. టబ్బుల్లో పెంచే పాముకు ఆ అవకాశం లేదు, ఎవరి దగ్గర వదిలితే వారి దగ్గరే ఉండాలి. ఎంపిక భారమంతా మనిషిది.

అయితే ఆయన చేతిలో ఒక మంచి సాధనం ఉంది, రిజిస్టరు. మిల్లు మనిషి కాబట్టి తూకం తప్పలేదు. ప్రతి పది రోజులకూ ప్రతి పామునూ ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి రాశారు. మగపాము నవంబరు మొదట్లో 1,150 గ్రాములు. తర్వాత 1,120, 1,085, 1,030, 970, 930. నేను తూచినప్పుడు 890. అంటే దాదాపు 23 శాతం పోయింది. అంకెలు ఆ పుటలో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. జతకాలంలో మగది తిండి మానడం మామూలే కదా అని వాటిని పట్టించుకోలేదు. మానడం మామూలే. పది శాతం తగ్గితే నేను జతలు తగ్గిస్తాను, పదిహేను దాటితే ఆపేస్తాను. ఆ రిజిస్టరు ప్రకారం డిసెంబరు మధ్యలోనే ఆపాల్సింది.

రిజిస్టరులో మరో గడి ఉంది, “కలిశాయి” అని. దాదాపు ప్రతి వంతుకూ టిక్కు ఉంది. దేన్ని చూసి కలిశాయని రాశారంటే, రెండూ ఒకే చోట చుట్టుకుని పడుకోవడం చూసి. ఊళ్లలో పొలం గట్టు మీద రెండు పాములు పెనవేసుకుని పైకి లేస్తుంటే నాగుపాము, జెర్రిపోతు జత కడుతున్నాయని నమ్మి పైన తువ్వాలు కప్పుతారు. నిజానికి అవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు, ఒకదాన్నొకటి కింద పడేయడానికి కుస్తీ పడుతుంటాయి. జెర్రిపోతు నాగుపాముకు మగది కూడా కాదు, అది వేరే జాతి. అసలు జత కట్టడం చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. ఆడది కదలకుండా పడుకుని ఉంటుంది, మగదాని తోక ఆడదాని తోక కిందకు చుట్టుకుని, రెండింటి మలద్వారాలూ అతుక్కుని ఉంటాయి. ఆ భంగిమను కళ్లారా చూసినవి ఎన్ని అని ఒక్కో టిక్కు మీదా వేలు పెట్టి అడిగితే సగానికి పైగా కొట్టేయాల్సి వచ్చింది. మిగిలినవి ఎక్కువగా 1, 4 నంబర్లవి, 2వ నంబరుది ఒకటి.

మగపాము

పాములకు మగ అవయవాలు రెండు, తోక మొదట్లో చెరో పక్కన లోపలికి తిరగబడి ఉంటాయి. ఒకసారికి ఒకటే వాడుకుంటుంది. ఈ పాముకు కుడివైపుది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు బయటే ఉండిపోయింది. ముదురు ఎరుపు, పైపొర ఎండి బిరుసెక్కింది, కొబ్బరిపొట్టు పీచులు అంటుకుని ఉన్నాయి. నల్లబడలేదు, అదొక్కటే ఊరట.

కారణం కోసం ఎక్కువ వెతకనక్కరలేకపోయింది. “మూడో రోజు సాయంత్రానికి విడిపోకపోతే నేనే మెల్లగా విడదీసేవాణ్ని” అన్నారు. మెల్లగా అయినా, గట్టిగా అయినా, అతుక్కుని ఉన్న జంటను చేత్తో విడదీస్తే మగదాని అవయవం చీరుకుపోవచ్చు, వాచి లోపలికి పోకుండా నిలిచిపోవచ్చు. అవి విడిపోయేదాకా ఆగాలి. వంతుల జాబితాలో ఒక రోజు ఆలస్యమైతే కొంపలేమీ మునగవు.

గోరువెచ్చని సెలైన్‌తో పీచులన్నీ కడిగాం. వంటింట్లో చిక్కగా చక్కెర నీళ్లు కలిపించి, ఫ్రిజ్‌లో చల్లబరిచి, అందులో తడిపిన గాజు గుడ్డను అవయవం చుట్టూ కప్పాం. చక్కెర వాపులోని నీటిని బయటికి లాగుతుంది. ఆవులకు గర్భసంచి జారినప్పుడు వాడే ఉపాయమే ఇది. ఇరవై నిమిషాల్లో అవయవం సగానికి తగ్గింది, రంగు కూడా ముదురు ఎరుపు నుంచి గులాబీకి తిరిగింది. జెల్లీ రాసి, తడిపిన దూదిపుల్ల మొనతో మొదలు నుంచి కాకుండా కొస నుంచి లోపలికి మడుస్తూ పోతే జారిపోయింది. మళ్లీ రాకుండా మలద్వారం అంచున ఒక్క కుట్టు వేశాను, యూరేట్లు (పాము మూత్రంలోని తెల్లటి ముద్ద) బయటికి పోవడానికి దారి వదిలి. నొప్పికి మెలోక్సికామ్. కొబ్బరిపొట్టు తీసేసి మామూలు కాగితం పరిపించాను.

ఒకవేళ నల్లబడి ఉంటే ఆ ఒక్కదాన్ని కత్తిరించాల్సి వచ్చేది. పాముల్లో మూత్రం ఆ దారిన రాదు కాబట్టి ప్రాణానికి ప్రమాదం లేదు, రెండో అవయవంతో జత కట్టగలదు. ఇది చెప్పాక యజమాని ముఖంలో కనిపించిన ధైర్యం నాకు నచ్చలేదు. వెంటనే “అయితే ఎప్పటి నుంచి వదలొచ్చు?” అని అడిగారు.

తిండి విషయంలో ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది. పెంచిన తెల్ల ఎలుకలు తినడం లేదు కాబట్టి మిల్లులో పట్టిన ఎలుకను పెడితే ఆశగా తింటుందేమోనని. బియ్యం మిల్లులో ఎలుకల కోసం జింక్ ఫాస్ఫైడ్, బ్రోమడయోలోన్ పెడతారు. ఆ మందు తిన్న ఎలుకను తింటే పాము కూడా పోవచ్చు. మందు తినని ఎలుకైనా పరాన్నజీవుల మూట. ఆ ఆలోచన అక్కడే ఆపించాను. బలవంతంగా తినిపించడమూ వద్దన్నాను. వెచ్చని టబ్బు, చీకటి గూడు, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచడం, అన్నిటికంటే ముఖ్యంగా ఆడపాముల వాసన రాని వేరే గది. ఫిబ్రవరి మొదటివారంలో కుట్టు విప్పిన తర్వాత తనంతట తానే చిన్న ఎలుకను తీసుకుంది.

ఆరులో మూడు

ఆవుల చూలు చూసే స్కానింగ్ యంత్రంతోనే ఆడపాములను చూశాను. లోపలి పరీక్షకు వాడే పొడవాటి ప్రోబుకు శుభ్రమైన తొడుగు వేసి, ధారాళంగా జెల్ పూసి, పాము పొట్ట కింది పొలుసుల మీద మధ్యభాగం నుంచి తోకవైపు జరుపుకుంటూ వెళ్లడమే. యజమాని తల వైపు పట్టుకుంటే ఆయన కొడుకు తోక పట్టుకున్నాడు. పాముల యంత్రం వేరే అక్కరలేదు, చూడటం అలవాటు కావాలి. పెరగడం మొదలుపెట్టని అండాలు తెర మీద చిన్న నల్ల గుండ్రాలుగా కనిపిస్తాయి. పచ్చసొన చేరే కొద్దీ పెద్దవై బూడిద రంగుకు తిరుగుతాయి. సుమారు 40 మిల్లీమీటర్ల దగ్గర అండం విడుదలవుతుంది.

4వ నంబరు, 2,400 గ్రాములు, అండాలు 38 మిల్లీమీటర్లు. రేపో మాపో అన్నట్లు ఉంది. 1వ నంబరు, 2,200 గ్రాములు, 32 మిల్లీమీటర్లు. 2వ నంబరు, 1,900 గ్రాములు, 22 మిల్లీమీటర్లు, పెరుగుతున్నాయి. మంచివి ఈ మూడే.

3వ నంబరు వయసులో చిన్నది, 1,250 గ్రాములు. అండాలు 8 మిల్లీమీటర్ల లోపు, నల్లగా. ఈ ఏడాది దానికి జత ఊసే అక్కరలేదు, ఏడాదిన్నర తిని పెరగాలి. 6వ నంబరు కిందటేడు గుడ్లు పెట్టింది. గుడ్లకు ముందు రెండు కిలోలు దాటిన పాము ఇప్పుడు 1,500 దగ్గరే ఆగింది. వీపు మీద వేలు పెడితే వెన్ను తగులుతోంది, అండాల జాడ లేదు. గుడ్లు పెట్టిన ఆడపాము ఒంట్లో మూడోవంతు దాకా ఖర్చు పెడుతుంది. అది తిరిగి రాకుండా మళ్లీ జత కట్టించడం దండగ, పైగా దానికి హాని. 5వ నంబరు సంగతి వేరు, అది జబ్బు పడింది. దాని గురించి తర్వాత.

అంటే ప్రతి పద్దెనిమిది రోజుల వంతులో మగపాము తొమ్మిది రోజులు ఫలితం రాని టబ్బుల్లో గడిపింది. అక్కడ ఉన్నంతసేపూ తిండి లేదు, తిరగడం, వెంటపడటం, ఒళ్లు కరగడం మాత్రం ఉన్నాయి. బరువు పట్టికలోని పతనంలో సగం ఇక్కడే పోయింది.

ఇంకో సంగతి యజమానికి అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచింది. పాముల్లో జత కట్టిన రోజే అండం ఫలదీకరణ కావాలని లేదు. ఆడది మగదాని వీర్యాన్ని ఒంట్లో నిలవ ఉంచుకుని, అండం విడుదలైనప్పుడు వాడుకుంటుంది. కాబట్టి డిసెంబరులో కళ్లారా చూసిన జతలున్న 1, 4 నంబర్లకు మగపాము మళ్లీ అక్కరలేదు. 2వ నంబరుకు మాత్రం ఇంకోసారి మేలు. అదీ మగది కోలుకుని రెండు భోజనాలు చేశాక. దాని అండాలకు ఇంకా సమయం ఉంది కాబట్టి తొందర లేదు.

ఇదంతా వింటూ గుమ్మం దగ్గర కూర్చున్న యజమాని తల్లి కొడుకుతో అన్న మాట ఇది. “పొట్టేలుకైనా దాణా పెట్టి మందలో వదులుతారు కదరా.”

ఎవరైనా మొత్తంగా ఎన్ని అని అడిగితే నా లెక్క ఇది. మంచి ఒళ్లున్న ఒక మగపాముకు ఒక సీజనులో మూడు, మహా అయితే నాలుగు ఆడపాములు. ఒక టబ్బులో రెండు మూడు రోజులు, తర్వాత కనీసం వారం దాని సొంత టబ్బులో, ఆ వారంలో తిండి చూపించడం. పెద్ద ఎత్తున పెంచేవాళ్లు ఇంతకంటే ఎక్కువకు వాడతారు. వాళ్ల దగ్గర అది అలిసిపోతే దింపడానికి రెండో మగది, మూడో మగది ఉంటాయి. ఒక్కటే ఉన్న ఇంట్లో అది పడిపోతే ఆ ఏడాది పోయినట్లే.

5వ నంబరు టబ్బు

దాని నీళ్ల గిన్నెలో గసగసాల సైజు నల్లచుక్కలు తేలుతున్నాయి. కంటి పొలుసు అంచున మరికొన్ని. పాముల పేలు. ఇవి రక్తం తాగుతాయి, పాము నీళ్లలో మునిగితే కొన్ని మునిగి చస్తాయి. ఆ పాము తల పైకెత్తి నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీస్తోంది, ముక్కు దగ్గర బుడగ. సెప్టెంబరులో కొత్తగా వచ్చిందట. వేరే గదిలో మూడు నెలలు ఉంచాల్సిన దాన్ని వచ్చిన వారానికే అరలోకి ఎక్కించారు.

మిగతా టబ్బులు తిప్పి చూస్తే పేలు మగపాము మీద, 6 మీద, 1 మీద దొరికాయి. 2, 3, 4 శుభ్రంగా ఉన్నాయి. మగపాము చివరి ప్రయాణం రిజిస్టరులో ఉంది: 5 నుంచి 6కు, 6 నుంచి 1కి. ఒక మగపాముతో జత కట్టించిన ఆడపాములన్నీ రోగం విషయంలో ఒకే టబ్బులో ఉన్నట్లే.

పేలకు ఇంట్లో అప్పటికే ఒక మందు తెచ్చి పెట్టారు, గొర్రెల పిడుదులకు నీళ్లలో కలిపి పోసే మందు. పాము మీద పోయలేదు, అదృష్టం. అలాంటి మందులు మోతాదు మించితే పాములు వణికి, వెల్లకిలా పడి, తిరగలేక చనిపోతాయి. గుడ్డకు ఫిప్రోనిల్ కొద్దిగా అద్ది కళ్లూ నోరూ తప్పించి తుడవడం, టబ్బులు వేడినీళ్లతో కడిగి ఎండబెట్టడం, పరుపు తీసి కాగితం వేయడం, కొన్నాళ్ల తేడాతో మళ్లీ చేయడం. గుడ్ల నుంచి వచ్చే కొత్త పేలు మొదటిసారి మందుకు దొరకవు కాబట్టి రెండోసారి తప్పనిసరి. ఫిబ్రవరి మధ్యకు నీళ్ల గిన్నెలు శుభ్రంగా కనిపించాయి.

5వ నంబరు ఊపిరి జబ్బుకు యాంటీబయాటిక్, వెచ్చదనం ఇచ్చాం, నెమ్మదిగా తగ్గింది. అయినా దాన్ని జాబితాలోకి తిరిగి రానివ్వలేదు. కొండచిలువ జాతుల్లో 2014లో గుర్తించిన నిడోవైరస్ ఇలాగే మొదలవుతుంది, తగ్గినట్లు కనిపించి లోపల మిగిలిపోతుంది. నోటి స్వాబు పీసీఆర్ పరీక్షతో తేలుతుంది. ఈ కేసులో ఆ పరీక్ష జరగలేదు కాబట్టి ఉన్నట్లే లెక్క వేశాం. ఇంట్లోకి కొత్త పాము రాకూడదు, ఇంట్లోంచి ఏదీ బయటికి పోకూడదు, 5ను ముట్టుకున్న చేత్తో మరో టబ్బు ముట్టకూడదు.

గుడ్లు, ఎండలు

4వ నంబరు జనవరి చివర అండాలు విడుదల చేసింది. ఆ రోజు పాము నడుము దగ్గర పెద్ద ఎలుకను మింగినట్లు ఉబ్బింది, మర్నాటికి తగ్గింది. మార్చి మధ్యలో ఎనిమిది గుడ్లు, అన్నీ మంచివి. 1వ నంబరు ఏప్రిల్ మొదట్లో ఏడు పెట్టింది, ఒకటి పసుపు రంగు గొడ్డు గుడ్డు. ఇంట్లో పేలు పోయాక 2వ నంబరు ఒకసారి మగదాన్ని కలిసింది, ఏప్రిల్ చివర ఆరు పెట్టింది. వాటిలో మూడు గొడ్డువి. ఇది మగదాని అలసటా, జతలు తక్కువ కావడమా అంటే ఒక్క కేసుతో చెప్పలేం. రెండూ అనే నా అనుమానం.

గుడ్లను తీసేటప్పుడు పైభాగాన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టించాను. పెట్టిన కొన్ని గంటల తర్వాత పిండం గుడ్డు లోపల ఒకచోట అతుక్కుంటుంది, గుడ్డును తిప్పితే మునిగిపోవచ్చు. కోడిగుడ్ల మాదిరి తిప్పుతూ ఉండకూడదు. చీకట్లో ఫోను లైటు గుడ్డుకు ఆనిస్తే ఎర్రటి నరాలు చెట్టు వేర్లలా కనిపిస్తాయి. గొడ్డు గుడ్డు మొత్తం పసుపుగా వెలుగుతుంది. తల్లిపాములను గోరువెచ్చని నీళ్లతో కడిగి, టబ్బు మార్చి, గుడ్ల వాసన పోగొట్టాం. ఆ వాసన ఉన్నంతవరకూ అవి తిండి జోలికి పోవు.

గుడ్లు పొదిగే పెట్టెను ఎలా వేడి చేయాలో పుస్తకాలు చెబుతాయి. నల్గొండలో సమస్య తలకిందులు. గుడ్లకు 31, 32 డిగ్రీలు కావాలి, అలా 55 నుంచి 60 రోజులు. ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ వైపు బయట 42, 44 డిగ్రీలు, రేకుల గదిలో అంతకు మించి. థర్మోస్టాట్ చేయగలిగింది హీటరు ఆపడం ఒక్కటే, పెట్టెను గది కంటే చల్లగా ఉంచడం దానికి చేతకాదు. గది 40 అయితే గుడ్లూ 40. 34 దాటి ఎక్కువసేపు ఉంటే పిల్లలు వెన్ను వంకరతో పుడతాయి లేదా గుడ్డులోనే చనిపోతాయి.

అందుకని మార్చి చివరే పెట్టెను కింది అంతస్తులో ఏసీ ఉన్న గదికి దింపించాను. అది కొడుకు చదువుకునే గది, ఆ ఎండాకాలం అతను తమ్ముడి గదిలో పడుకున్నాడు. ఏసీని 27 దగ్గర ఉంచి, ఆ పైన నాలుగైదు డిగ్రీలు హీటరు ఇచ్చేలా సర్దాం. పెట్టె అడుగున నీళ్లు నింపిన సీసాలు పేర్పించాం. కరెంటు పోయినప్పుడు ఆ నీళ్లు వేడిని ఒకేసారి పెరగనివ్వవు, తగ్గనివ్వవు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఈదురుగాలికి కరెంటు పోయి సాయంత్రం దాకా రాలేదు. పెట్టె లోపల గరిష్ఠంగా 34కు చేరింది.

మే మధ్యలో 4వ నంబరు గుడ్ల నుంచి ఏడు పిల్లలు వచ్చాయి, ఒకటి గుడ్డులోనే పోయింది. జూన్ మొదట్లో 1వ నంబరు ఆరు గుడ్లలో ఐదు పొదిగాయి, ఒక పిల్లకు తోక దగ్గర వెన్ను వంకర. ఎండ వల్లనా, పుట్టుకతోనా అని ఒక పిల్లను చూసి నిర్ణయించలేం. అది తింటోంది, బతుకుతుంది, దాన్ని మాత్రం ఎన్నడూ జత కట్టించవద్దని రాసి ఇచ్చాను. 2వ నంబరు మూడూ పొదిగాయి.

తండ్రి ఎవరు

ఒకే మగపామును వాడటంలో ఉన్న లాభం ఒకటే, పిల్లల తండ్రి ఎవరో సందేహం ఉండదు. ఈ ఇంట్లో ఆ లాభం కూడా దక్కలేదు.

మగపాము పిన్‌స్ట్రైప్ అనే రంగు రకం, 4వ నంబరు మామూలు రంగు. పిన్‌స్ట్రైప్ ఒక్క జన్యువు ఉన్నా బయటికి కనిపించే లక్షణం. ఆ గుడ్ల నుంచి వచ్చిన ఏడింటిలో రెండు పిన్‌స్ట్రైప్, రెండు మామూలు, మిగతా మూడు పసుపు తేలిన పేస్టల్. పేస్టల్ కూడా ఒక్క జన్యువుతోనే కనిపిస్తుంది. తల్లిలో లేదు, ఈ తండ్రిలో లేదు. యజమానికి తనను ఎవరో మోసం చేశారనిపించింది.

4వ నంబరును ఆయన అంతకుముందు ఏడాది పెద్దపాముగానే తెచ్చుకున్నారు. అక్కడ అది వేరే మగపాముతో కలిసి ఉండాలి. ఆ వీర్యం ఒంట్లో మిగిలి, ఇక్కడి మగదాని వీర్యంతో పాటు ఈసారి అండాలకు అందింది. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు ఉండటం పాముల్లో నమోదైన విషయమే. అమెరికాలో ఒక రాటిల్‌స్నేక్ కనీసం ఐదేళ్లు నిలవ ఉన్న వీర్యంతో పిల్లలను కన్నట్లు 2011లో జన్యు పరీక్షతో తేల్చారు. 2020లో సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో అరవై ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్, పదిహేనేళ్లకు పైగా మగపాముకు దూరంగా ఉండి కూడా గుడ్లు పెట్టింది. మగది లేకుండా కనడం కూడా ఈ పాములకు సాధ్యమే. ఇక్కడ అది కాదు, తల్లిలో లేని పేస్టల్ ఆ దారిన రాదు.

దీని వల్ల కాగితాల్లో మార్పు చేయాల్సి వచ్చింది. మూడు పేస్టల్ పిల్లల తండ్రి తెలియదని, రెండు మామూలు పిల్లల తండ్రి సందేహమని, పిన్‌స్ట్రైప్ రెండింటికే ఇంటి మగపాము తండ్రి అని రాయించాను. పుట్టుకల వివరాలు పోర్టల్‌లో ఇచ్చేటప్పుడూ అదే. ఊహించి రాసిన తండ్రి పేరు రేపు ఆ పిల్లను కొన్నవాళ్ల జతల్లో తప్పుగా తేలుతుంది.

1, 2, 4 నంబర్ల పిల్లల్లో ఎక్కువ భాగం ఒకే తండ్రి బిడ్డలు. వాటిలో బాగున్న రెండు ఆడపిల్లలను ఉంచుకుని, పెద్దయ్యాక ఇదే మగపాముతో కలపాలని ఆయన ఆలోచన. రంగుల కోసం చాలామంది అలా చేస్తారు. నేను వద్దన్నాను. ఒక్క మగదే ఉన్న ఇంట్లో రెండో తరం ఎటు తిరిగినా దాని దగ్గరికే చేరుతుంది. వంకర వెన్ను పిల్ల ఒకటి అప్పటికే టబ్బులో ఉంది. వేరే రక్తపు మగపాము ఒకటి తెచ్చుకోవాలి, కాగితాలతో, ఈసారి మూడు నెలలు వేరే గదిలో.

ఈ సీజను

అక్టోబరు చివర మళ్లీ తూచి చూశాం. మగపాము 1,210 గ్రాములు, తిండి బాగుంది, అవయవం రెండు వైపులా మామూలుగా ఉంది. 1, 4 నంబర్లు ఇంకా ఒళ్లు కోలుకోలేదు, ఈ ఏడాది వాటికి సెలవు. 2 బాగా తింటోంది, అయినా జనవరి స్కాన్ దాకా ఆగుదామన్నాను. 6వ నంబరు 1,850కి వచ్చింది, అండాలు 14 మిల్లీమీటర్లు. 3 ఇంకా చిన్నదే. 5 వేరే గదిలోనే ఉంటుంది.

కాబట్టి నవంబరులో ఆ మగపాము వెళ్లేది ఒక్క 6వ నంబరు దగ్గరికే. 2వ నంబరు అండాలు 15 మిల్లీమీటర్లు దాటితే జాబితాలో రెండవుతాయి. రిజిస్టరులో “కలిశాయి” గడి తీసేసి రెండు గడులు పెట్టించాను, “చూశాం” ఒకటి, “విడిపోయిన సమయం” ఒకటి. మగదాని బరువు 1,090 కంటే దిగిన రోజు ఫోన్ చేయాలి, అంతకుముందు అక్కరలేదు. కిటికీకి గడియ కూడా పెట్టించారు.